చాక్లెట్ ఓట్స్ రొట్టె: రాత్రి కాల్చుకుని పొద్దున పెట్టే టిఫిన్

పొద్దున ఆరున్నరకి ఒక పొయ్యి మీద ఇడ్లీ పాత్ర, ఇంకో పొయ్యి మీద పచ్చడికి పోపు. ఏడుంబావుకి స్కూల్ బస్సు. పిల్లాడు పెట్టిన రెండు ఇడ్లీల్లో ఒకటి తిని, రెండోది కెలికి లేచిపోతాడు. ఇలాంటి హడావిడిలోనే చాక్లెట్ ఫ్లేక్స్ డబ్బా ఇంట్లోకి వస్తుంది. మా ఇంట్లోకీ అలాగే వచ్చింది. ఒకరోజు డబ్బా వెనక చిన్న అక్షరాల పట్టిక చదివాను. 'యాడెడ్ షుగర్స్' అన్న వరస దగ్గర కళ్లు ఆగిపోయాయి. ఆ డబ్బా అయిపోయాక మళ్లీ కొనలేదు. పిల్లలకి చాక్లెట్ రుచి కావాలి, నాకు వాళ్ల కడుపు నిండాలి. రెండూ కుదిరిన టిఫిన్ ఇది, బేక్‌డ్ ఓట్‌మీల్.

న్యూజెర్సీలో ఉండే మా వదిన ఆదివారం రాత్రి ఒక ట్రే నిండా కాల్చి పెట్టుకుని బుధవారం దాకా పిల్లలకి ముక్కలు కోసి పెడుతుంది. నేను తన దగ్గరే నేర్చుకున్నాను. అమెరికాలో ఇది కొత్తదేం కాదు, పెన్సిల్వేనియా వైపు పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ అనే క్రైస్తవ కుటుంబాల వంటగా దీనికి పేరుంది. ఓట్స్, పాలు, గుడ్లు, కాస్త తీపి కలిపి ఓవెన్‌లో పెట్టడమే. మొదటిసారి చేసిన రోజు మా అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని "ఇది ఓట్స్‌తో చేసిన దిబ్బరొట్టే కదమ్మా" అన్నారు. అక్షరాలా అదే. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది. కేక్‌లా గుల్లగా రాదు, జావలా జారదు. అప్పటి నుంచి మా ఇంట్లో దీని పేరు చాక్లెట్ రొట్టె. మీరూ చేసేటప్పుడు దిబ్బరొట్టెనే మనసులో పెట్టుకోండి. కేక్ వస్తుందని ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది.

ముందే ఒక మాట. ఇది ఇడ్లీకో పెసరట్టుకో పోటీ కాదు, వాటిని మానేసి రోజూ దీన్నే పెట్టమని నేను చెప్పను. బిస్కెట్లు, బ్రెడ్డు-జామ్, తీపి ఫ్లేక్స్ పెట్టే రోజుల్లో వాటి బదులు ఇది పెట్టండి. మా ఇంట్లో వారానికి రెండు రోజులు.

కావలసినవి (8 అంగుళాల చదరపు టిన్నుకి, 6 పెద్ద ముక్కలు వస్తాయి)

- రోల్డ్ ఓట్స్: 2 కప్పులు (సుమారు 200 గ్రాములు)
- తీపి కలపని కోకో పౌడర్: పావు కప్పు
- బేకింగ్ పౌడర్: 1 టీస్పూన్
- ఉప్పు: పావు టీస్పూన్
- దాల్చినచెక్క పొడి: అర టీస్పూన్
- బాగా మాగిన అరటిపండ్ల గుజ్జు: 1 కప్పు
- గుడ్లు: 2
- కాచి చల్లార్చిన పాలు: ఒకటిన్నర కప్పు
- బెల్లం పొడి: పావు కప్పు (సుమారు 50 గ్రాములు)
- నెయ్యి లేదా వాసన లేని నూనె: 2 టేబుల్ స్పూన్లు
- వెనీలా ఎసెన్స్: 1 టీస్పూన్
- అక్రోట్లు లేదా బాదం, పలుకులుగా: పావు కప్పు
- డార్క్ చాక్లెట్, చిన్న ముక్కలుగా: 40 గ్రాములు

కప్పు అంటే ఇక్కడ 240 మిల్లీలీటర్లది. చాలా ఇళ్లలో కొలతకి రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పు వాడతారు, అది 180 మిల్లీలీటర్లే ఉంటుంది. దాంతో కొలిచి గుడ్లు మాత్రం రెండే వేస్తే గుడ్డు వాసన పైకి తేలుతుంది. మీ దగ్గర అదే ఉంటే గుడ్లు ఒకటిన్నరకి తగ్గించి, టిన్ను కూడా చిన్నది తీసుకోండి.

ఓట్స్ ఏవి కొనాలి

ఈ వంట బాగా రావడం, రాకపోవడం సగం ఇక్కడే తేలిపోతుంది. రోల్డ్ ఓట్స్ అంటే గింజని ఆవిరికి పెట్టి, రోలర్ల కింద అటుకుల్లా నొక్కినవి. చేతిలోకి తీసుకుంటే రేకు రేకుగా, మన మందం అటుకుల్లా కనిపించాలి. అమెరికాలో ఉన్నవాళ్లకి ప్యాకెట్ మీద 'ఓల్డ్ ఫ్యాషన్డ్' అని ఉంటుంది. ఇన్‌స్టంట్ ఓట్స్ ఇంకా పల్చగా నొక్కి, ముందే ఎక్కువ ఉడికించినవి. అవి పాలలో పడగానే కరిగిపోయి, కాలాక ముద్దగా పంటికి అంటుకుంటాయి. స్టీల్ కట్ ఓట్స్ గోధుమ రవ్వలా గింజ తరిగినవి, ఈ సమయంలో ఉడకవు. మసాలా ఓట్స్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఇన్‌స్టంట్ ఓట్సే ఉంటే పాలు ఒక కప్పుకి తగ్గించి చేయండి. తినడానికి బాగానే ఉంటుంది కానీ ఆ నమిలే రుచి రాదు.

ఓట్స్ జావ చేసినప్పుడు గరిటకి సాగే జిగురు మీకు తెలుసు కదా. అది బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు వల్ల వస్తుంది. ఓట్స్ గుండెకి మంచివని చెప్పడానికి ముఖ్య కారణం కూడా ఆ పీచే. రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ కొలెస్ట్రాల్ తగ్గడానికి సాయపడుతుందన్న ఆధారాలతో 1997లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) ఓట్స్ ప్యాకెట్ల మీద గుండె ఆరోగ్యం గురించి రాసుకోవడానికి అనుమతించింది. మన రొట్టెలో ఒక ముక్కకి సుమారు ఒక గ్రాము పైన వస్తుంది. కాబట్టి దీన్ని మందు అనుకోవద్దు, మంచి టిఫిన్ అనుకోండి. వంట పరంగా గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఎంత గిలక్కొడితే ఆ జిగురు అంత బయటికొస్తుంది. అందుకే పిండి కలిపేటప్పుడు బీటర్, మిక్సీ దగ్గరికి రానివ్వకండి. గరిట చాలు.

అరటిపండు, బెల్లం, కోకో

తొక్క మీద నల్ల మచ్చలు నిండిన పండ్లు కావాలి. ఇంట్లో ఎవరూ ముట్టుకోకుండా బుట్టలో మిగిలిపోతాయే, అవే. పచ్చ అరటి అయితే రెండు పెద్దవి, కర్పూరం అయితే నాలుగైదు పడతాయి. చక్కెరకేళి దొరికితే బెల్లం సగానికి తగ్గించండి, ఆ తీపి చాలు. పండు గట్టిగా ఉంటే మాత్రం ఈ వంట ఇంకో రెండు రోజులు వాయిదా వేయండి. పచ్చిగా ఉన్న పండుకి ఎంత బెల్లం పోసినా వగరు పోదు.

బెల్లం కూడా చక్కెరే. రంగు మారినంత మాత్రాన లెక్క మారదు. పెద్దవాళ్లకి రోజుకి కలిపిన తీపి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పిల్లలకి ఇంకా తక్కువ. ఈ కొలతలో ముక్కకి బెల్లం 8 గ్రాములు, చాక్లెట్ ముక్కల నుంచి ఇంకో రెండు గ్రాములు. అంటే మొత్తం పది. మొదటిసారి పావు కప్పు వేయండి. పిల్లలకి అలవాటయ్యాక నెలకి ఒక చెంచా చొప్పున తగ్గిస్తూ రండి. నేను ఇప్పుడు రెండు టేబుల్ స్పూన్ల దగ్గర ఉన్నాను, ఇంట్లో ఎవరూ అడగలేదు.

కోకో కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. అందులో కోకో తప్ప ఇంకేమీ ఉండకూడదు. డ్రింకింగ్ చాక్లెట్ పొడి, పాలలో కలుపుకునే హెల్త్ డ్రింక్ పొడి వేరు. వాటిలో చక్కెర బాగా కలిపి ఉంటుంది. ఇంకో సంగతి, మన దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. గోదావరి జిల్లాల్లో, ఏలూరు వైపు కొబ్బరి తోటల్లో, ఆయిల్ పామ్ తోటల్లో చెట్ల నీడన అంతరపంటగా వేస్తారు. ఈ మధ్య ఆ గింజలతో చేసిన చాక్లెట్, కోకో పౌడర్ కూడా దొరుకుతున్నాయి. వీలైతే అవే తీసుకోండి. మా పిల్లలకి చాక్లెట్ చెట్టుకి కాస్తుందని, ఆ చెట్టు మన ఊళ్లలోనే ఉందని తెలిసినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

చేసే విధానం

ముందుగా ఓవెన్ 180 డిగ్రీల దగ్గర పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. ఫారెన్‌హీట్‌లో అయితే 350. టిన్నుకి అడుగున, పక్కలా నెయ్యి రాయండి. బటర్ పేపర్ ఉంటే పరవండి, ముక్కలు తీయడం సులువవుతుంది.

ఒక వెడల్పాటి గిన్నెలో ఓట్స్, బేకింగ్ పౌడర్, ఉప్పు, దాల్చినచెక్క పొడి వేయండి. కోకోని మాత్రం టీ వడకట్టే జాలీలో వేసి జల్లించండి. కోకో ఉండలు కడుతుంది, జల్లించకపోతే ఒక ముద్దలో చేదు పొడి నోటికి తగులుతుంది. అన్నీ పొడిగానే ఒకసారి కలిపితే ఓట్స్ రేకులన్నీ గోధుమరంగులోకి వస్తాయి. ఉప్పు మానేయకండి. చాక్లెట్‌లో చిటికెడు ఉప్పు లేకపోతే ఎంత తీపి వేసినా చప్పగానే ఉంటుంది.

ఇంకో గిన్నెలో అరటిపండు గుజ్జుని ఫోర్క్‌తో మెదపండి. చిన్న చిన్న పలుకులు మిగిలినా ఫర్వాలేదు, కాలాక అవి హల్వా ముక్కల్లా తగులుతాయి. అందులో బెల్లం పొడి వేసి, కరిగేదాకా ఒక నిమిషం కలపండి. ఆ తర్వాత గుడ్లు కొట్టి వేసి, తెల్లసొన విడిగా కనిపించకుండా కలపండి. కరిగించిన నెయ్యి, వెనీలా, చివరగా పాలు.

పాలు చల్లగా లేదా గది వేడిలోనే ఉండాలి. నేను ఒకసారి తొందరలో అప్పుడే దింపిన పాలలో బెల్లం వేసేశాను. పాయసం చేసేవాళ్లందరికీ తెలిసిన విషయమే, పాలు విరిగిపోయాయి. అర లీటరు పాలు, కరిగిన బెల్లం రెండూ పోయాయి. పైగా వేడి పాలు గుడ్ల మీద పడితే గుడ్డు కూడా ఉడికి పలుకులు కడుతుంది. కాబట్టి పాల గిన్నె బయట చేత్తో తాకి చూసి, వేడి తెలియకపోతేనే పోయండి.

ఇప్పుడు తడి మిశ్రమాన్ని పొడి మిశ్రమంలో పోసి, గరిటతో అడుగు నుంచి పైకి పది పన్నెండు సార్లు కలపండి. ఇంక ఆపండి. మిశ్రమం చూస్తే మీకు భయం వేస్తుంది, అంత పల్చగా ఉంటుంది. ఇడ్లీ పిండి కన్నా జారుగా, ఓట్స్ పాలలో తేలుతూ కనిపిస్తాయి. అలాగే ఉండాలి. చాలామంది ఇక్కడ టెన్షన్ పడి ఇంకో గుప్పెడు ఓట్స్ వేస్తారు, మర్నాడు రొట్టె అట్టముక్కలా తయారవుతుంది. పది నిమిషాలు గిన్నె పక్కన పెట్టండి. ఓట్స్ పాలు పీల్చుకుని అవే దగ్గరపడతాయి.

పది నిమిషాల తర్వాత మరోసారి తేలిగ్గా కలిపి, అక్రోట్లు, చాక్లెట్ ముక్కలు సగం వేసి టిన్నులోకి వంచండి. మిగతా సగం పైన చల్లండి. పైన కనిపించే చాక్లెట్ ముక్కలకే పిల్లలు పడిపోతారు, అందుకని అన్నీ లోపల దాచేయకండి.

ఓవెన్ మధ్య అరలో 30 నుంచి 35 నిమిషాలు. 28వ నిమిషం నుంచి ఓవెన్ దగ్గరే ఉండండి, ఎందుకంటే ఇది నల్లగా ఉంటుంది కాబట్టి రంగు చూసి కాలిందో లేదో చెప్పలేం. చూడాల్సినవి వేరే. మొదట వాసన మారుతుంది, పచ్చి అరటిపండు వాసన పోయి చాక్లెట్, వేగిన పలుకుల వాసన గదంతా నిండుతుంది. అప్పటికి అంచులు టిన్ను గోడ వదిలి వెంట్రుకంత లోపలికి జరుగుతాయి. టిన్ను పట్టుకుని కాస్త కదిపితే మధ్య భాగం గట్టి పెరుగులా కొంచెం వణకాలి, నీళ్లలా అలలు పోకూడదు. చాకు మొన మధ్యలో గుచ్చితే తడి పాలు అంటకూడదు. తేమగా ఒకటి రెండు నలుసులు అంటితే ఫర్వాలేదు. చాకు పూర్తిగా పొడిగా వచ్చేదాకా ఉంచితే ఎక్కువ కాలినట్టే, చల్లారాక గొంతు పట్టుకుంటుంది.

బయటికి తీశాక పావుగంట ఆగి కోయండి. వేడిగా కోస్తే ముక్క నిలబడదు, గరిటతో తోడుకోవాల్సి వస్తుంది. అలా తోడుకుని పైన కాసిని చల్లని పాలు పోసుకున్నా బాగుంటుంది, మా ఆయన అలాగే తింటారు.

ఓవెన్ లేకపోతే

కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్‌లో ఇదే 180 డిగ్రీలు, సమయం కూడా ఇంచుమించు ఇంతే. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో మాత్రం లోహపు టిన్ను పెట్టకూడదు.

పొయ్యి మీద చేయాలంటే మందపాటి పాత దబరా తీసుకోండి. అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూత పెట్టి మధ్యస్థపు మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. టిన్ను స్టాండు మీద పెట్టి, మూత గట్టిగా బిగించి, సన్నటి సెగ మీద 45 నుంచి 55 నిమిషాలు ఉంచండి. కుక్కరే వాడితే గ్యాస్కెట్, విజిల్ రెండూ తప్పకుండా తీసేయండి. దిబ్బరొట్టెలా నేరుగా మూకుడులో పోసి కాల్చే ప్రయత్నం చేయకండి. మినపపిండికి ఆ సెగ సరిపోతుంది కానీ ఇందులో బెల్లం, కోకో, పాలు ఉన్నాయి. లోపల ఉడికేలోగా అడుగు మాడి చేదెక్కుతుంది. పొయ్యి మీద పైన అంత కరకర రాదు, అయినా లోపల మెత్తదనం ఓవెన్ కన్నా బాగుంటుందని నాకనిపిస్తుంది.

గుడ్డు తినని ఇళ్లలో

రెండు టేబుల్ స్పూన్ల అవిసె గింజల పొడిని ఆరు టేబుల్ స్పూన్ల నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచితే తెల్లసొనలా జిగురు కడుతుంది. గుడ్ల బదులు అది వేయండి. అవిసె గింజలని వేయించకుండా పొడి చేయండి. ముక్క కాస్త తడిగా వస్తుంది, ఐదు నిమిషాలు ఎక్కువ కాల్చి పూర్తిగా చల్లారాకే కోయండి. పాలు పడనివాళ్లకి కొబ్బరిపాలు, నీళ్లు సగం సగం కలిపి పోస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, కోకోకి కొబ్బరికి జోడీ బాగా కుదురుతుంది. పలుకులు పడని పిల్లలుంటే అక్రోట్ల బదులు గుమ్మడి గింజలు వేయండి. పెద్దవాళ్ల కోసమే చేసే రోజున పాలలో రెండు చెంచాలు తగ్గించి చిక్కటి కాఫీ డికాషన్ పోయండి. కాఫీ రుచి విడిగా తెలియదు, చాక్లెట్ రుచి మాత్రం లోతుగా వస్తుంది.

రెండు గుడ్లు, పాలు, పలుకులతో చేస్తే ముక్కకి సుమారు 9 గ్రాముల ప్రోటీన్, 5 గ్రాముల పైన పీచు వస్తాయి. పక్కన ఒక జామకాయ ముక్కో, గ్లాసు పాలో ఉంటే పదకొండింటి దాకా పిల్లలకి ఆకలి వేయదు.

పొద్దున హడావిడి లేకుండా

రాత్రే కాల్చి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక. మూత ఉన్న డబ్బాలో నాలుగు రోజులు బాగుంటుంది. పూర్తిగా చల్లారకముందే మూత పెడితే లోపల ఆవిరి నీళ్లయి, అంచుల కరకర మొత్తం పోతుంది. పొద్దున మైక్రోవేవ్‌లో 40 సెకన్లు, పైన ఒక చెంచా పాలు చల్లి పెడితే మళ్లీ మెత్తబడుతుంది.

పొద్దునే వేడివేడిగా కావాలనుకుంటే, రాత్రి బేకింగ్ పౌడర్ తప్ప అన్నీ కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పొద్దున బయటికి తీస్తే గట్టిపడి ఉంటుంది, రెండు మూడు చెంచాల పాలు, బేకింగ్ పౌడర్ వేసి కలిపి ఓవెన్‌లో పెట్టి స్నానానికి వెళ్లొచ్చు. స్కూల్ డబ్బాలోకి కావాలంటే మఫిన్ అచ్చుల్లో పోసి 20 నుంచి 22 నిమిషాలు కాల్చండి. పన్నెండు వస్తాయి, చేతికి అంటవు.

ఫ్రీజర్‌లో అయితే ఒక్కో ముక్కని విడిగా బటర్ పేపర్‌లో చుట్టి పెట్టండి, నెల రోజులు నిలవ ఉంటుంది. తినే ముందు రోజు రాత్రి కింది అరలోకి దించుకోండి. పొద్దున ముక్కని నిలువుగా రెండు పలకలుగా కోసి, దోసె పెనం మీద అర చెంచా నెయ్యి వేసి, సన్న సెగ మీద రెండు వైపులా కాల్చండి. కోసిన వైపు చాక్లెట్ కరిగి పెనానికి అంటుకుని సన్నటి పొరలా గట్టిపడుతుంది. అట్లకాడతో దాన్ని చిరగకుండా మెల్లిగా లేపి తీయండి. మా ఇంట్లో గొడవంతా ఆ పొర కోసమే.